రొట్టె ఫోటో సరే, హల్లా ఏదీ?

పోయిన శుక్రవారం పొద్దున్నే మన యూదు ఆడవాళ్ళ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. మూడు పాయల జడలాగా అల్లిన రొట్టె, పైన నువ్వులు, కింద కొత్త టేబుల్ క్లాత్, దాని మీద "ఫస్ట్ టైమ్ హల్లా చేశా" అని. ఒకటే హార్టులు. నేనూ ఒకటి పెట్టా, పెట్టాక ఉండబట్టలేక ఆ పిల్లకి విడిగా మెసేజ్ పెట్టా, "అమ్మా, హల్లా తీశావా?" అని. "తీశా ఆంటీ, ఓవెన్లోంచి ఇప్పుడే తీశా" అంది.

నవ్వాలో ఏడవాలో అర్థం కాలా. ఆ పిల్లనేం అనను, చిన్నది, యూట్యూబ్ చూసి నేర్చుకుంది, ఆ వీడియోల్లో అల్లడం ఆరు రకాలు చూపిస్తారు గానీ తీయడం ఒక్కళ్ళూ చూపించరు. కానీ పదేళ్ళుగా షబ్బాత్, అదే మన శనివారపు విశ్రాంతి దినం, పాటిస్తున్న మనవాళ్ళు కూడా ఆ రొట్టెనే హల్లా అనుకుంటున్నారే, నా బాధ అది. బల్ల మీద పెట్టుకుని తినేది రొట్టె. పిండి ముద్దలోంచి కుంకుడుకాయంత తీసి, హషేమ్‌దని, అంటే దేవుడిదని చెప్పి, ఎవరూ తినకుండా కాల్చేస్తామే, అదీ హల్లా. పేరు ఆ ముక్కది, పేరుతో పాటు వచ్చిన ఫోటోలన్నీ రొట్టెకి. పెళ్ళికూతుర్ని పక్కన కూర్చోబెట్టి పందిరికి దండ వేసినట్టుంది.

అదే రోజు సాయంత్రం ఇంకో గ్రూపులో ఒకాయన, పెద్దాయనే, షబ్బాత్ మిష్నా, అంటే మన రబ్బీల, గురువుల, పాత నియమాల్లో షబ్బాత్ భాగం, దాని రెండో అధ్యాయం ఆరో మిష్నా ఫార్వర్డ్ చేశాడు. తెలిసిందే కదా, నిద్దా (ముట్టు నియమాలు), హల్లా, షబ్బాత్ దీపం, ఈ మూడింట్లో జాగ్రత్తగా లేకపోతే ఆడవాళ్ళు కాన్పులో చనిపోతారన్న మాట. కింద ఎర్ర అక్షరాలతో "స్త్రీలారా జాగ్రత్త" అని ఈయన సొంత కవిత్వం. ఆ గ్రూపులో నెలలు నిండిన పిల్లలు ఇద్దరున్నారు. ఒకమ్మాయి రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసి ఏడ్చింది, ఆంటీ నాలుగో నెలలో ఒక శుక్రవారం హాస్పిటల్లో ఉండి దీపం పెట్టలేదు అని.

అయ్యా, మిష్నా చదివినాయన దాని కింద గెమారా, అంటే ఆ మిష్నా మీద పెద్దల చర్చ, అది కూడా చదవాలిగా. షబ్బాత్ 32వ పుటలోనే ఉంది, కాన్పు సమయంలోనే ఎందుకు అంటే ఆపద ఉన్న చోటే మనిషి లెక్కలు తెరుస్తారు కాబట్టి అని. వెంటనే అడుగుతారు, మరి మగవాళ్ళ లెక్క ఎప్పుడు చూస్తారు అని. రేష్ లాకిష్ అనే రబ్బీ ఏమన్నాడు? వంతెన దాటేటప్పుడు అన్నాడు. ప్రకాశం బ్యారేజీ మీద రోజూ బండి నడిపే అన్నయ్యలకి ఈ లైను ఒక్కళ్ళూ ఫార్వర్డ్ చెయ్యరేం?

ఇంకోటి. ఆ తర్వాతి మిష్నా, ఏడోది, మగాడి గురించే. షబ్బాత్ సందెవేళ ఇంట్లో మూడు మాటలు అనాలి, దశమభాగం తీశారా, ఎరూవ్ (షబ్బాత్ రోజు వస్తువులు మోసుకెళ్ళడానికి ముందే పెట్టే ఉమ్మడి తిండి) పెట్టారా, దీపం వెలిగించండి అని. దానికి గెమారా ఏం చెప్తుందంటే ఆ మూడూ మెల్లగా, మెత్తగా అనాలని, అప్పుడే ఇంట్లోవాళ్ళు వింటారని. ఎర్ర అక్షరాల్లో అనమని ఎక్కడా లేదు. ఆ అమ్మాయికి నేను చెప్పింది కూడా ఇదే, నువ్వు హాస్పిటల్లో సెలైన్ పెట్టుకుని పడుకుంటే దీపం నీ ఇంట్లో నీ మొగుడు పెట్టాల్సింది, అది ఆయన మీద పడ్డ పని, ముందు ఆయన్నడుగు. ఇంట్లో ఆడమనిషి లేకపోతే మగాడే వెలిగించాలి, పిండి కలిపితే మగాడే హల్లా తీయాలి, ఇందులో ఎవరికీ తేడా అభిప్రాయం లేదు.

సరే, పిండి దగ్గరికి వస్తా, నేను రాద్దామనుకున్నది దాని గురించే.

సంఖ్యాకాండం 15లో 17 నుంచి 21 దాకా. ఎక్కడ ఉందో చూశారా ఎప్పుడన్నా? 13, 14 అధ్యాయాలు వేగులవాళ్ళ గొడవ, ఆ దేశం మాకొద్దు, ఐగుప్తుకి పోదాం అని రాత్రంతా ఏడ్చారు, నలభై ఏళ్ళ శిక్ష పడింది. వెంటనే 15లో, మీరు ఆ దేశంలోకి వచ్చాక, అక్కడి రొట్టె తినేటప్పుడు, మొదటి పిండి ముద్ద నాకు ఎత్తి పెట్టండి అంటాడు. శిక్ష వేసిన నోటితోనే వంటింటి మాట. 26వ అధ్యాయం చివర రాషి, ఆ పుస్తకానికి వ్యాఖ్యానం రాసిన రబ్బీ, ఏమంటాడంటే ఆ శిక్ష ఆడవాళ్ళ మీద పడలేదు, వాళ్ళకి ఆ దేశం అంటే ఇష్టం కాబట్టి అని. నేను ఈ రెండిటినీ కలిపి చదువుకుంటా. ఆ ఎడారిలో గుడారాల ముందు ఏడుస్తున్న మగాళ్ళకి కాదు, లోపల కూర్చుని ఆ దేశంలో పొయ్యి ఎక్కడ పెట్టుకోవాలా అని ఆలోచించే ఆడదానికి చెప్పిన మాట అది అనిపిస్తుంది నాకు. ఏ రబ్బీ చెప్పాడు అని అడక్కండి, నేనే చెప్తున్నా.

కొలత చూడండి. ఒక ఓమెర్ పిండి ఉంటేనే హల్లా బాధ్యత. ఓమెర్ అంటే ఏఫా అనే పాత ధాన్యం కొలతలో పదో వంతు, అంటే ఎడారిలో ఒక్కో మనిషికి ఒక్కో రోజుకి దొరికిన మన్నా. రబ్బీలు దాన్ని గుడ్ల లెక్కలో 43 గుడ్లు, ఇంకా ఒక గుడ్డులో ఐదో వంతు అన్నారు. హల్లా అనే మాటకి హీబ్రూ అక్షరాల విలువల లెక్క వేస్తే ఖేత్ 8, లామెద్ 30, హే 5, మొత్తం 43. ఎడారిలో పిసికే పని లేకుండానే పైనుంచి పడిన ఒక రోజు తిండి, ఇప్పుడు నీ చేత్తో నువ్వు పిసుకుతున్నావు, అదే కొలత రాగానే ఆగు, ఇది కూడా పైనుంచి వచ్చిందే అని ఒక ముక్క తీయి. ఇప్పటి లెక్కలో చాలామంది పాటించేది కేజీ 670 గ్రాములు, అంతకంటే ఎక్కువ ఉంటే బ్రాఖా, అంటే ఆశీర్వాద ప్రార్థన, చెప్పి తీయడం, కేజీ 200 దాటి అంతకు తక్కువైతే బ్రాఖా లేకుండా తీయడం. మన తల్లి సారా ముగ్గురు అతిథులొస్తే మూడు సెయాల పిండి కలిపిందని ఆదికాండం 18లో ఉంది, మూడు సెయాలంటే ఒక ఏఫా, అంటే పది ఓమెర్లు, పది హల్లాల కొలత! ముగ్గురికి! మా అత్తగారు కూడా అంతే, ఇద్దరొస్తున్నారంటే ఊరికి సరిపడా వండేది.

ఇక్కడ ఒక సంగతి మనవాళ్ళకి మాత్రమే తగిలేది. హల్లా మిష్నా మొదటి మాటే ఐదు ధాన్యాలకి అని. గోధుమ, బార్లీ, ఓట్స్, రై, స్పెల్ట్. బియ్యానికి లేదు, చిరుధాన్యాలకి లేదు. అంటే జొన్న రొట్టె, రాగి సంకటి, వరి అన్నం తిన్న మా అమ్మమ్మ జీవితంలో ఈ ఆజ్ఞకి చోటే రాలేదు. గోధుమపిండి మా ఇంట్లోకి వచ్చిందే రేషన్ షాపుతో. వచ్చినా కేజీ, కేజీన్నర. నేను చాలా ఏళ్ళు అనుకునేదాన్ని, మనకి ఈ మూడిట్లో ఒకటి ఎందుకు అందలేదా అని, ఏదో శాపంలాగా. అది శాపం కాదు, మన కంచంలో ఆ ధాన్యం లేదు, అంతే. ఇప్పుడు ఆశీర్వాద్ ఆటా ఐదు కేజీల బ్యాగు లేని ఇల్లు లేదు, పండక్కో ఫంక్షన్‌కో యాభై అరవై చపాతీలకి ఒకేసారి పిండి కలుపుతున్నాం, చపాతీ పిండికి కూడా హల్లా ఉంది, నూనె లేకుండా పెనం మీద కాల్చినా రొట్టే. అక్కడెవరూ తీయట్లేదు. జడ వేసిన రొట్టెకే ఆజ్ఞ అనుకుంటున్నారు. పూరీలకైతే పిండి నూనెలో వేయించడానికే కలిపారు కాబట్టి చాలామంది బ్రాఖా వద్దంటారు, చెప్పకుండా తీస్తే చాలు.

నాకు ఇది చేతికి నేర్పింది పుస్తకం కాదు. ఇజ్రాయెల్ ఊరు అష్దోద్‌లో ఏడేళ్ళు ఒక ముసలావిడని చూసుకునే పనిలో ఉన్నా. మొరాకోలో పుట్టిన మనిషి, ఎనభై దాటాయి, చేతులు వణికేవి, చెంచా పట్టుకుంటే సూప్ ఒళ్ళో పడేది. నేను సవ్తా అని పిలిచేదాన్ని, వాళ్ళ భాషలో నానమ్మ అని. గురువారం రాత్రి మాత్రం ఆవిడని వంటగదిలో స్టూలు మీద కూర్చోబెట్టాలి, ఎవరు వద్దన్నా వినదు. పిండి గిన్నెలో చెయ్యి పెట్టగానే ఆ వణుకు కనపడేది కాదు. పోయిందని అనను, పిండి దాన్ని మింగేసేది, అంతే. పిసికి పిసికి, మోచేతి దాకా పిండి, చివర్లో బొటనవేలు చూపుడువేలు మధ్య చిన్న ముక్క గిల్లి పైకి ఎత్తేది. "హరే జో హల్లా", ఇదిగో ఇదే హల్లా, అని. అప్పుడు మళ్ళీ వణికేది చెయ్యి. ఆ వణికే చేతిలో ఆ ముక్క పట్టుకుని పేర్లు చదివేది. పిల్లలు పుట్టని మనవరాలి పేరు, ఆర్మీలో ఉన్న మనవడి పేరు, పై ఫ్లాట్‌లో క్యాన్సర్ ఆవిడ పేరు. మూడో నెలలో అనుకుంటా, నా వైపు తిరిగి మీ అమ్మ పేరేంటి అంది. నా పేరు తెలుసు కదా అన్నా. నీకోసం అడగాలంటే మీ అమ్మ పేరుతో కలిపి అడగాలి అంది. మా అమ్మ పేరు ఆవిడ నోట్లో తిరిగేది కాదు, నాలుగు రకాలుగా పలికి, ఆయనకి తెలుస్తుందిలే అని ఆ ముక్కని ఫాయిల్లో చుట్టి ఓవెన్ అడుగున పెట్టింది, రొట్టెలకి దూరంగా. కాసేపటికి మాడిన వాసన. ఆ వాసన రాకపోతే ఆవిడకి నిద్ర పట్టేది కాదు.

ఎందుకు కాలుస్తామో తెలిసిందే, కోహెన్, అంటే యాజకుడు, శుద్ధిగా తినాల్సినది, ఇప్పుడు ఆ శుద్ధి లేదు. ఇజ్రాయెల్ దేశం బయట అసలు రబ్బీలు పెట్టిన నియమమే, హల్లా అన్న మాట మర్చిపోకుండా ఉండడానికి. మర్చిపోకుండా ఉండడానికి పెట్టినదాన్ని మనం పేరు వేరేదానికి పెట్టుకుని మరీ మర్చిపోయాం.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన మాట. ఆదికాండం 2లో భూమిలోంచి ఆవిరి లేచి నేలంతా తడిపింది, తర్వాత హషేమ్ నేల మట్టితో మనిషిని చేశాడు, వరసగా రెండు వచనాలు. ముందు ఆవిరి ఎందుకు? బెరేషీత్ రబ్బా, ఆదికాండం మీద రబ్బీల వ్యాఖ్యానం, దాని 14లో ఏమంటారంటే, ఆడది పిండిలో నీళ్ళు పోసి కలిపి తర్వాత మధ్యలోంచి హల్లా ఎత్తుతుంది కదా, అలాగే ముందు నేలని తడిపాడు, తర్వాత అందులోంచి ఆదాముని ఎత్తాడు అని. ఎన్నిసార్లు చదివినా నాకు ఇక్కడ గొంతు పట్టేస్తుంది. సృష్టి ఎలా చేశాడో చెప్పడానికి వాళ్ళకి రాజు గుర్తు రాలేదు, కుమ్మరి గుర్తు రాలేదు, పిండి కలిపే ఆడమనిషి గుర్తొచ్చింది. మనం ఆయన్ని చూసి చేస్తున్నామని ఎప్పుడూ అంటారు గానీ ఇక్కడ ఆయన మనలాగా చేశాడని చెప్తున్నారు. ఇంకోచోట, 17లో, ఆదాము లోకానికి హల్లా, హవ్వ దాన్ని పాడు చేసింది, అందుకే ఆడదానికి ఈ ఆజ్ఞ అని కూడా ఉంది. ఫార్వర్డ్ పెద్దాయనకి అది బాగా ఇష్టం. రెండూ మన పెద్దల మాటలే, రెండూ ఒకే పుస్తకంలోవే, నేను పిండి కలిపేటప్పుడు మొదటిదాన్ని తలుచుకుంటా. నీళ్ళు కొంచెం కొంచెంగా పోయండి, ఒకేసారి గుమ్మరించకండి, ఆయన కూడా ఆవిరిగానే పోశాడు.

దీపం గురించి రెండు మాటలు, లేకపోతే మా అమ్మ ఊరుకోదు. అమ్మ మిర్చి కోతలకి వెళ్ళేది. శుక్రవారం మేస్త్రీని బతిమాలి నాలుగింటికే బయటపడేది, ఆ గంటన్నరకి కూలి కోసేవాడు. మన గుంటూరు వైపు చలికాలంలో ఐదూ నలభైకల్లా పొద్దు పోతుంది, పద్దెనిమిది నిమిషాలు ముందే దీపం పెట్టాలి. వెలిగించి, కళ్ళు మూసుకుని బ్రాఖా చెప్పి, అప్పుడు కళ్ళు తెరిచి వెలుగు చూడాలి, బ్రాఖా ముందు చెప్తే షబ్బాత్ వచ్చేసినట్టే, ఇక అగ్గిపుల్ల గీయకూడదు కాబట్టి. రోజంతా పచ్చిమిరపకాయలు, పండుమిరపకాయలు కోసిన చేతులు, మజ్జిగతో కడిగినా మంట పోదు. ఆ చేతులు కళ్ళ మీద పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే పైట కొంగు మడిచి కళ్ళకి అడ్డం పెట్టుకుని, దాని మీద చేతులు పెట్టుకునేది. నేను పెద్దదాన్నయ్యాక కూడా కొంగుతోనే మూసుకుంటా, ఎవరో అడిగారు ఇదేం ఆచారం, ఏ దేశపు వాళ్ళది అని. మిరప తోట ఆచారం అన్నా.

నూనె కొనలేని రోజుల్లో కిరసనాయిలు బుడ్డే షబ్బాత్ దీపం. అది చెల్లుతుందా అని తర్వాత కొందరు మొహం చిట్లించారు. రబ్బీ తర్ఫోన్ ఆలివ్ నూనె తప్ప వద్దన్నాడు, అప్పుడు యోహానాన్ బెన్ నూరీ లేచి నిలబడి అడిగాడు, మరి బబులోనువాళ్ళేం చేస్తారు, వాళ్ళ దగ్గర నువ్వుల నూనె తప్ప లేదు, అలెగ్జాండ్రియావాళ్ళేం చేస్తారు, ముల్లంగి నూనె తప్ప లేదు, కప్పదొకియవాళ్ళేం చేస్తారు, నాఫ్తా, మన కిరసనాయిలు లాంటిది, అది తప్ప ఇంకేం లేదు! నాకైతే ఆయన మా అమ్మ బుడ్డి కోసమే లేచి నిలబడ్డాడనిపిస్తుంది. ఇప్పుడు నువ్వుల నూనె లీటరు సీసా అందరిళ్ళల్లో ఉంది, టైమే లేదంట. ఏడున్నరకి వెలిగించి వీడియో తీసి పెడతారు, వెనకాల కిటికీలో చీకటి కనపడుతూ ఉంటుంది. అమ్మా, చీకటి పడ్డాక వెలిగించకు. ఆలస్యమైతే వదిలెయ్. షబ్బాత్‌ని కాల్చి షబ్బాత్‌కి వెలుగు పెట్టడమేంటి?

మూడోది నిద్దా, అది భార్యాభర్తల మధ్య ఉండాల్సింది, ఇక్కడ ఎక్కువ రాయను. ఒక్కటే చెప్తా, మన ఊళ్ళ ముట్టు పద్ధతులు తెచ్చి దీనికి అంటించకండి. ఆ రోజుల్లో దీపం పెట్టకూడదు, సిద్దూర్, ప్రార్థన పుస్తకం, ముట్టకూడదు, పిండి కలపకూడదు అని కొత్త కోడళ్ళకి చెప్తున్న అత్తలున్నారు. తోరా, మన ధర్మశాస్త్రం, దాని మాటలకి మైల అంటదు, గెమారాలో బెరాఖోత్ 22లో ఉంది, దీపం పెట్టాలి, హల్లా తీయాలి, ప్రార్థన చెయ్యాలి, మూల కూర్చోబెట్టడం మనది కాదు. మిక్వే, శుద్ధి స్నానం చేసే నీటిగుంట, లేదు కదా అంటారా, సముద్రం మిక్వేనే. సూర్యలంక ఎంత దూరమని. అంతకంటే అడిగితే ఫోన్ చెయ్యండి, గ్రూపులో అడక్కండి.

సమూయేలుని కన్న హన్నా పేరులోనే ఈ మూడూ ఉన్నాయంటారు కదా, హల్లా, నిద్దా, హద్లకా అంటే దీపం వెలిగించడం, మొదటి అక్షరాలు కలిపితే. ఆవిడ షిలో మందిరంలో బిడ్డ కోసం నిలబడి నీ దాసురాలిని, నీ దాసురాలిని, నీ దాసురాలిని అని మూడుసార్లు అంటుంది. బెరాఖోత్ 31లో దానికి అర్థం చెప్తారు, ఈ మూడిట్లో నేను ఏది తప్పాను చెప్పు అని హషేమ్‌నే నిలదీసిందని. భయపెట్టడానికి ఇచ్చిన జాబితా అయితే ఆవిడ దాన్ని పట్టుకుని అంత ధైర్యంగా ఎలా నిలబడుతుంది? చేతిలో రసీదు ఉన్నదానిలాగా నిలబడింది.

సరే, ఇంత రాశాక చివరికి పని మాట. వచ్చే గురువారం సాయంత్రం మా ఇంట్లో పిండి కలుపుదాం. తలా అరకేజీ గోధుమపిండి తెచ్చుకోండి, ఈస్టు, నూనె నా దగ్గరున్నాయి. ఎవరి గిన్నెలో వాళ్ళు కలిపితే ఒక్కరికీ కొలత రాదు, కాల్చాక అన్నీ ఒకే బుట్టలో పెడితే ఆ బుట్ట కలిపేస్తుంది అని రబ్బీ ఎలియేజెర్ మాట. కానీ హల్లా మిష్నా నాలుగో అధ్యాయం మొదటి మిష్నా కూడా చూసుకోవాలి. ఇద్దరు ఆడవాళ్ళ పిండి ముద్దలు ఒకదానికొకటి తగిలినా, ఒకే ధాన్యమైనా, కలిసినట్టు కాదంట. ఎందుకంటే నాది నాది అని పట్టింపు ఉంటుంది కాబట్టి. మనల్ని బాగానే చూసి రాశారు. పట్టింపు లేదని తెలిస్తే మాత్రం కలిసినట్టే. కాబట్టి ఎవరి రొట్టె ఎవరికెళ్తుందో తెలియకుండా ఒకే బుట్టలో వేస్తా, పైన గుడ్డ కప్పుతా, అక్కడే అందరం తింటాం, నాది మెత్తగా వచ్చింది నీది గట్టిగా వచ్చింది అన్నవాళ్ళని ముందే బయటికి పంపిస్తా, నిజంగానే, ఎందుకంటే ఒక్కళ్ళు అన్నా మిగతావాళ్ళ హల్లా పోతుంది. ముక్క తీసేది మొన్న ఫోటో పెట్టిన పిల్ల. ఫాయిల్ నేను తెస్తా. మీ అమ్మల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని రండి.